సమతాస్థితిని తెర మీద చూపినా పిల్లలకు ఎందుకు అందడం లేదు? సిమ్యులేషన్లతో రసాయన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో మొదటి సంవత్సరం ఎంపీసీ, బైపీసీ విద్యార్థులకు రసాయన సమతాస్థితినీ (ముందుకు, వెనక్కి జరిగే చర్యల వేగాలు సమానమయ్యే స్థితి), ఆమ్ల–క్షార పాఠాన్నీ ఇంటరాక్టివ్ ప్యానెల్ మీద సిమ్యులేషన్ల (ప్రయోగాన్ని తెర మీద నడిపి చూపే కంప్యూటర్ నమూనాల) సాయంతో చెప్పారు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. తర్వాత పెట్టిన స్లిప్ టెస్టులో మాత్రం చాలామంది “సమతాస్థితి దగ్గర చర్య ఆగిపోతుంది” అనీ, “క్రియాజనకాల గాఢత, క్రియాజన్యాల గాఢత సమానమవుతాయి” అనీ రాశారు. మీ దగ్గర ఉన్నది ఒకే ప్యానెల్, నెట్ నిలకడగా ఉండదు. ఈ పరిస్థితిలో ఏ పాఠానికి ఏ సాధనాన్ని ఎలా వాడాలి, ప్రయోగశాల పనిని వీటితో భర్తీ చేయవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

లోపం మీరు ఎంచుకున్న సిమ్యులేషన్‌లో ఉందని నేను అనుకోవడం లేదు. చూడబోయేదాని గురించి పిల్లలు ముందుగా ఏమీ తేల్చుకోకుండానే చూడటం మొదలుపెట్టడంలో ఉంది. ఏం జరుగుతుందో ఊహించి, ఆ ఊహను కాగితం మీద పెట్టని విద్యార్థి తెర మీద కదిలే గోళాలను తన పాత అభిప్రాయానికి అనుగుణంగానే చూస్తాడు. చర్య ఆగిపోతుందని నమ్మేవాడికి గ్రాఫులో గీత చదునుగా మారిన క్షణమే కనిపిస్తుంది తప్ప, పక్కనే అణువులు ఇంకా ఢీకొంటూనే ఉన్న సంగతి కనిపించదు. కాబట్టి ఏ సిమ్యులేషన్ వాడాలన్న ప్రశ్న కన్నా, దానికి ముందు ఏం అడగాలి, తర్వాత ఏం రాయించాలి అన్న ప్రశ్నలే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ రసాయన శాస్త్రం ఎందుకు కష్టమవుతుందో వివరిస్తూ 1991లో మూడు స్థాయిల గురించి రాశారు: కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీది గుర్తులు–సమీకరణాలు. “ఎసిటిక్ ఆమ్లం మెగ్నీషియంతో నెమ్మదిగా చర్య జరుపుతుంది, ఎందుకంటే దాని అణువుల్లో కొన్నే అయనీకరణం చెందుతాయి, అందుకే దాని అయనీకరణ స్థిరాంకం విలువ తక్కువ” అని మనం ఒక్క ఊపిరిలో చెప్పేస్తాం. ఆ ఒక్క వాక్యంలో మూడు స్థాయిలూ దాటేశాం. మనకు అది అలవాటు, కానీ వినేవారికి అవి మూడు వేర్వేరు లోకాలు. సిమ్యులేషన్ చేసేదల్లా ఈ మూడింటిలో నడిమిదాన్ని కనిపించేలా చేయడమే. అటు పరీక్షనాళికనూ ఇటు సమీకరణాన్నీ ఉపాధ్యాయుడు దానికి జోడించకపోతే అది అందమైన బొమ్మగానే మిగిలిపోతుంది.

సమతాస్థితినే తీసుకుందాం. ప్యానెల్ ఆన్ చేయడానికి ముందు బల్ల మీద ఒక చిన్న ప్రయోగం చేయండి. బాగా విలీనం చేసిన ఫెరిక్ క్లోరైడ్ ద్రావణానికి కొద్దిగా పొటాషియం థయోసయనేట్ ద్రావణం కలిపితే ఎర్రని రంగు వస్తుంది. దాన్ని మూడు పరీక్షనాళికల్లో పోసి, ఒకదాన్ని పోల్చి చూడటానికి అలాగే ఉంచి, రెండోదానిలో మరికొన్ని చుక్కల ఫెరిక్ క్లోరైడ్, మూడోదానిలో మరికొన్ని చుక్కల థయోసయనేట్ వేయబోతున్నామని చెప్పి, ఏ నాళికలో రంగు ముదురుతుందో ముందుగా రాయమనండి. ఫెరిక్ అయాన్ అంతా ఖర్చయిపోయిందనుకునే పిల్లలు రెండోది అంటారు, థయోసయనేట్ అయిపోయిందనుకునేవారు మూడోది అంటారు. నిజానికి రెండింటిలోనూ రంగు ముదురుతుంది. అంటే మొదటి ద్రావణంలో ఫెరిక్ అయాన్లూ, థయోసయనేట్ అయాన్లూ, ఎర్రని సంక్లిష్ట అయాన్లూ మూడూ కలిసే ఉన్నాయన్నమాట. చర్య పూర్తి కాకుండానే రంగు ఒక చోట నిలబడింది. ఎందుకు నిలబడిందన్న ప్రశ్న పిల్లల మనసులో పుట్టిన తర్వాతే తెర వైపు తిరగాలి.

ఇక్కడ నేను ఆకర్షణీయమైన సిమ్యులేషన్ కన్నా మామూలు ఎక్సెల్ షీటునే ముందు వాడతాను, దాని లోపలి యంత్రాంగం పిల్లల చేతిలోనే ఉంటుంది కాబట్టి. రెండు నిలువు వరుసలు చాలు, ఒకటి ‘ఎ’ అణువులకు, ఒకటి ‘బి’ అణువులకు. మొదట ‘ఎ’ 90, ‘బి’ 0. ప్రతి విడతలోనూ ‘ఎ’ అణువుల్లో ఐదో వంతు ‘బి’గా, ‘బి’ అణువుల్లో పదో వంతు ‘ఎ’గా మారతాయని నియమం పెట్టండి. అప్పుడు కొత్త ‘ఎ’ అంటే పాత ‘ఎ’ నుంచి 0.2 రెట్ల ‘ఎ’ తీసేసి 0.1 రెట్ల ‘బి’ కలిపినది. మొదటి విడతలో 18 అణువులు ముందుకు వెళతాయి, వెనక్కి వచ్చేవి ఏమీ లేవు, కాబట్టి 72, 18 మిగులుతాయి. రెండో విడతలో 14.4 ముందుకు, 1.8 వెనక్కి, కాబట్టి 59.4, 30.6. దశాంశ అణువు ఏమిటని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. నిజమైన బీకరులో ఉండేది 90 కాదు, కోట్ల కోట్ల అణువులు కనుక ఇవి వాటిలో నిష్పత్తులని చెప్పండి. ఈ రెండు వరుసలూ పిల్లలే నోటుబుక్కులో లెక్కగట్టాలి. తర్వాత మాత్రమే సూత్రాన్ని కిందికి లాగండి. పదిహేను వరుసలయ్యేసరికి అంకెలు 30, 60 దగ్గర స్థిరపడతాయి.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: “ఈ వరుస నుంచి తర్వాతి వరుసకు ఎన్ని అణువులు ముందుకు వెళ్లాయి, ఎన్ని వెనక్కి వచ్చాయి?” 30లో ఐదో వంతు 6, 60లో పదో వంతు 6. చర్య ఆగలేదు. ‘ఎ’, ‘బి’ సమానం కాలేదు. సమానమైనవి పురోగామి చర్యా వేగం, తిరోగామి చర్యా వేగం. మీ విద్యార్థులు టెస్టులో రాసిన రెండు పొరపాట్లూ ఈ రెండు లెక్కలతోనే వారి కళ్లముందు తేలిపోతాయి, అది కూడా వారు స్వయంగా వేసిన లెక్కలతో. తర్వాత మొదటి వరుసలో ‘ఎ’ 0, ‘బి’ 90 పెట్టి చూడమనండి. చివరికి మళ్లీ 30, 60 దగ్గరికే వస్తుంది. ఏ వైపు నుంచి బయలుదేరినా అదే స్థితికి చేరుతుందన్న మాట పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా ఉంటుంది, ఇక్కడ అది పిల్లలు కనుగొన్న విషయమవుతుంది.

అదే షీటులో లె షాటెలియర్ సూత్రాన్ని (సమతాస్థితిని కదిలిస్తే వ్యవస్థ ఆ మార్పును తగ్గించే వైపు సాగుతుందన్నది) కూడా కంఠస్థం అవసరం లేకుండా చెప్పవచ్చు. 30, 60 దగ్గర నిలిచిన వ్యవస్థలో మరో 30 ‘ఎ’ అణువులు కలపండి. ఇప్పుడు 60, 60. ముందుకు వెళ్లేవి 12, వెనక్కి వచ్చేవి 6. కనుక చర్య కొంతసేపు ముందుకు సాగి, 40, 80 దగ్గర మళ్లీ నిలుస్తుంది. చాలామంది పిల్లలు, కొందరు ఉపాధ్యాయులు కూడా, కలిపిన ‘ఎ’ అంతా ఖర్చయి మళ్లీ 30కే వస్తుందనుకుంటారు. రాదు, 40 దగ్గర ఆగుతుంది. వ్యవస్థ మార్పును తగ్గిస్తుందే కాని పూర్తిగా రద్దు చేయదు. అదే సమయంలో 60ని 30తో భాగించినా, 80ని 40తో భాగించినా వచ్చేది 2 అని గమనించమనండి. సమతాస్థితి స్థిరాంకం స్థిరంగా ఉండటమంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది. ఉత్ప్రేరకం (చర్య వేగాన్ని పెంచేది) సంగతి చెప్పాలంటే మళ్లీ 90, 0తో మొదలుపెట్టి 0.2ను 0.4గా, 0.1ను 0.2గా మార్చండి: వ్యవస్థ త్వరగా స్థిరపడుతుంది కాని చేరేది అదే 30, 60కి. ఉష్ణోగ్రత మారితే ఈ రెండు భిన్నాలూ ఒకే నిష్పత్తిలో మారవు, అందుకే స్థిరాంకం మారిపోతుంది. ఇన్ని విషయాలను ఒక ఫోనులో నడిచే షీటు చెప్పగలుగుతున్నప్పుడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని బాధపడనక్కర లేదు. అణువులు కదిలే సిమ్యులేషన్‌ను దీని తర్వాత చూపితే, గ్రాఫు చదునైనా ఢీకొనడం ఆగలేదని పిల్లలే చెబుతారు.

ఆమ్లాల పాఠంలో పొరపాటు వేరే రకంగా ఉంటుంది. గాఢమైన ఆమ్లం (నీటిలో ఎక్కువ మోతాదులో కలిసినది), బలమైన ఆమ్లం (అణువులన్నీ అయాన్లుగా విడిపోయేది) ఒకటేనని పిల్లలు అనుకుంటారు, రోజువారీ భాషలో ఆ రెండు మాటలూ దగ్గరగా ఉండటం కూడా అందుకు ఒక కారణం. ఫెట్ సిమ్యులేషన్లలో ఆమ్ల–క్షార ద్రావణాలది ఈ పనికి చాలా బాగుంటుంది. భౌతిక శాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, పూర్తిగా ఉచితం. ఆ సిమ్యులేషన్‌లో తొలి గాఢతకు ఒక స్లైడర్, ఆమ్ల బలానికి వేరొక స్లైడర్ ఉంటాయి. ఆ రెండూ వేరుగా ఉండటమే అసలు పాఠం. “గాఢత పెంచితే ఏమవుతుంది, బలం పెంచితే ఏమవుతుంది” అని ఒక్కొక్కటిగా చూపి ఊరుకోకుండా, ఒక బలమైన ఆమ్లానికీ ఒక బలహీన ఆమ్లానికీ ఒకే పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే కొలమానం) వచ్చేలా అమర్చమని పని ఇవ్వండి. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్, మోల్ అంటే కణాల లెక్కన పదార్థాన్ని కొలిచే ప్రమాణం) ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ సుమారు 2.87 ఉంటుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అదే పీహెచ్ రావాలంటే దాని గాఢత 0.00134 మోలార్ దగ్గర ఉండాలి. ఒకే పీహెచ్ ఉన్న ఆ రెండు బీకర్ల అణువుల చిత్రాలను పక్కపక్కన గీయమంటే, ఒకదానిలో అయనీకరణం చెందని అణువులు నిండుగా ఉండటం, రెండోదానిలో అసలు లేకపోవడం పిల్లలు తమ చేత్తో గీస్తారు.

ఆ వెంటనే ప్రయోగశాలకు తీసుకెళ్లండి. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ, 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలోనూ సమాన పొడవున్న మెగ్నీషియం తీగ ముక్కలు వేస్తే బుడగలు వచ్చే వేగంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత రెండింటినీ 10 మి.లీ. చొప్పున తీసుకుని, ఫినాల్ఫ్తలీన్ సూచికగా, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం (తటస్థీకరణకు ఎంత ద్రావణం పడుతుందో చుక్కచుక్కగా పోసి కొలవడం) చేయిస్తే రెండింటికీ పట్టేది ఇంచుమించు అదే 10 మి.లీ. వెయ్యి అణువుల్లో సుమారు పదమూడే అయనీకరణం చెందిన ఆమ్లానికి అంత క్షారం ఎలా పట్టింది? క్షారం హైడ్రోజన్ అయాన్లను తీసేస్తున్న కొద్దీ మిగిలిన అణువులు అయనీకరణం చెందుతూ వచ్చాయి. సమతాస్థితి పాఠం ఆమ్లాల పాఠంలోకి ఇలా నడిచి వస్తుంది. ఈ ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఆ తర్వాత బఫర్ ద్రావణాలు చెప్పడానికి పెద్దగా కష్టపడనక్కర లేదు.

తెర మీది బొమ్మ ఏం దాస్తోందో కూడా తప్పనిసరిగా చర్చించాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు అదే బాధ. ద్రావణాల చిత్రాల్లో బొమ్మ గజిబిజి కాకుండా నీటి అణువులను సాధారణంగా తీసేస్తారు. లీటరు నీటిలో 55.5 మోల్‌ల నీరు ఉంటుంది కాబట్టి, 0.1 మోలార్ ద్రావణంలో ఒక్కో ఆమ్ల అణువుకు సుమారు 555 నీటి అణువులు ఉన్నట్టు లెక్క. శుద్ధమైన నీటిలోనైతే ఒక్క హైడ్రోనియం అయాన్‌కు దాదాపు 55 కోట్ల నీటి అణువులు. ఏ తెర మీదా దీన్ని నిజాయితీగా గీయడం సాధ్యం కాదు, కాబట్టి లెక్క వేయించి చెప్పాలి. రంగుల విషయం కూడా అంతే: నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు గోధుమ రంగులో ఉంటుంది కనుక సిమ్యులేషన్లలో ఆ అణువును గోధుమ రంగు గోళాలుగా చూపితే, అణువుకే ఆ రంగు పూసి ఉంటుందని పిల్లలు తీర్మానించుకుంటారు. పదార్థం వేడి చేస్తే వ్యాకోచిస్తుంది కనుక అణువు కూడా ఉబ్బుతుందనీ, అణువుల మధ్య ఖాళీలో గాలి ఉంటుందనీ అనుకోవడం కూడా ఇలాంటిదే. ప్రతి సిమ్యులేషన్ చివరా “ఇందులో నిజానికి భిన్నంగా ఉన్నవి మూడు రాయండి” అనే ప్రశ్న పెట్టండి. బొమ్మను ప్రశ్నించడం అలవాటైన పిల్లలే నమూనాకూ వాస్తవానికీ తేడా తెలుసుకుంటారు.

అణువుల ఆకృతుల పాఠానికి ఫెట్‌లోని ఆకృతుల సిమ్యులేషన్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. నిజమైన అణువుల విభాగంలో ‘రియల్’, ‘మోడల్’ అని రెండు ఎంపికలు ఉంటాయి. నీటికి మోడల్‌లో బంధకోణం 109.5 డిగ్రీలు, రియల్‌లో 104.5 డిగ్రీలు చూపిస్తుంది. మీథేన్‌కు రెండూ ఒకటే. అమ్మోనియాకు తేడా ఉంటుంది కాని నీటికున్నంత కాదు. ఈ తేడాలకు కారణం పిల్లలనే చెప్పమంటే ఒంటరి ఎలక్ట్రాన్ జంటల వికర్షణ దగ్గరికి వారే వస్తారు. అయితే తెర చదునైనది. త్రిమితీయ ఆకృతిని ఎన్నడూ చేత్తో తిప్పి చూడని వారికి తెర మీద తిరిగే బొమ్మ కూడా చదునుగానే కనిపించవచ్చు. నాలుగు బెలూన్లను మూతుల దగ్గర కలిపి కడితే అవి వాటంతటవే చతుర్ముఖీయంగా సర్దుకుంటాయి, ముందు దాన్ని చేతికివ్వండి.

ఆర్బిటాళ్ల (పరమాణువులో ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రాంతాల) విషయంలో నా సలహా కొంత జాగ్రత్తతో కూడినది. రంగురంగుల గట్టి బుడగల్లాంటి త్రిమితీయ చిత్రాలతో మొదలుపెట్టవద్దు. అలా చూసిన పిల్లలు పి ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ ఎనిమిది అంకె దారిలో తిరుగుతుందనో, ఆర్బిటాల్ ఒక పాత్ర అనో అనుకుంటారు. చుక్కలు ఒక్కొక్కటిగా పడుతూ మబ్బులా పేరుకునే యానిమేషన్ ఉంటే దాన్ని ఎంచుకోండి, ప్రతి చుక్కా విడిగా చేసిన ఒక్కో కొలతలో ఎలక్ట్రాన్ దొరికిన చోటు మాత్రమేనని, చుక్కలన్నీ వేర్వేరు ఎలక్ట్రాన్లు కావని ఆగి ఆగి చెప్పండి. అది లేకపోతే సుద్దముక్కతో బోర్డు మీద చుక్కలు పెట్టడమే మేలు.

మోల్ భావనకు తెర సాయం పరిమితమే. క్రియాజనకాలు, క్రియాజన్యాలు, మిగులు గురించిన ఫెట్ సిమ్యులేషన్ అణువుల సంఖ్యల్లో పరిమిత క్రియాజనకాన్ని (ముందుగా అయిపోయేదాన్ని) బాగా చూపుతుంది కాని, పిల్లలు తడబడేది సంఖ్యల దగ్గర కాదు, గ్రాముల దగ్గర. 10 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చి ఏది ముందు అయిపోతుందని అడిగితే ఎక్కువమంది తక్కువ బరువున్న హైడ్రోజన్ అంటారు. హైడ్రోజన్ 5 మోల్‌లు, ఆక్సిజన్ 1 మోల్. ఖర్చయ్యేది 2 మోల్‌ల హైడ్రోజనే, 6 గ్రాములు మిగిలిపోతుంది, వచ్చే నీరు 36 గ్రాములు. ఈ మెట్టు బోర్డు మీద లెక్కలతోనే ఎక్కించాలి.

ఒకే ప్యానెల్‌తో తరగతి నడపడం గురించి అడిగారు. ప్యానెల్ దగ్గర మీరు నిలబడకండి. ఒక విద్యార్థిని అక్కడ ఉంచి, ఏ స్లైడర్ ఎటు జరపాలో బెంచీకి ఇద్దరు చొప్పున మాట్లాడుకుని తేల్చాలని చెప్పండి. జరపడానికి ముందు ప్రతి జంటా ఏమవుతుందో, ఎందుకో ఒక వాక్యం రాయాలి. చేతులెత్తించి ఎవరి ఊహ ఏమిటో బోర్డు మీద నమోదు చేయాలి. ఒకసారికి ఒక్క స్లైడరే కదలాలి. పాజ్ బటన్ మీకున్న అతి విలువైన సాధనం, కదలిక ఆగినప్పుడే మాట మొదలవుతుంది. మొత్తం పీరియడ్‌లో తెర వెలిగి ఉండేది పది పదిహేను నిమిషాలకు మించనక్కర లేదు, మిగతాది రాత, గీత, మాట. తెలుగు మీడియం పిల్లలు కూడా కూర్చునే తరగతిలో తెర మీది ఆంగ్ల లేబుళ్లకు పాఠ్యపుస్తకంలోని పదాలు బోర్డు మీద ఒక పక్కన ముందే రాసి ఉంచండి. నెట్ సమస్యకు పరిష్కారం సులువు: ఫెట్‌లోని కొత్త సిమ్యులేషన్లను ఒక్కో ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తాయి. జావాలో రాసిన కొన్ని పాతవి ప్యానెళ్ల మీద మొరాయిస్తాయి కనుక ముందురోజే అదే ప్యానెల్ మీద నడిపి చూసుకోండి.

ప్రయోగశాలకు బదులుగా వీటిని వాడవచ్చా అంటే, వద్దనే చెబుతాను. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ కలిసి రూపొందించిన ఆన్‌లైన్ ప్రయోగశాలల వేదిక ఓల్యాబ్స్‌లో అంశమాపనం వంటి ప్రయోగాలు చక్కగా ఉన్నాయి. ల్యాబుకు ముందురోజు వాటిని చేయిస్తే బ్యూరెట్‌లో ఏం పోయాలి, పిపెట్‌తో ఏం తీయాలి అన్న గందరగోళం తగ్గి, అసలు ల్యాబులో పిల్లల దృష్టి కొలత మీద నిలుస్తుంది. కాని చివరి చుక్కకు గులాబీ రంగు నిలిచే ఆ క్షణాన్ని చేయి పట్టుకోవడం, అర్ధ చంద్రాకార తలాన్ని కంటికి సమంగా పెట్టి చదవడం, మూడు రీడింగులు కలవకపోతే కారణం వెతకడం తెర నేర్పదు. రసాయనాలు అందుబాటులో లేనప్పుడు ఏమీ లేకపోవడం కన్నా వర్చువల్ ల్యాబ్ నయమే, అయితే ఆ సర్దుబాటును పద్ధతిగా మార్చుకోకూడదు.

ఇక మీ తదుపరి స్లిప్ టెస్టు గురించి. నిర్వచనాలు అడిగితే నిర్వచనాలే వస్తాయి, కాబట్టి గీయించండి. “0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో ఏవైనా పది ఆమ్ల అణువులను ఎంచుకుంటే ద్రావణంలో అవి ఎలా ఉంటాయో గీయండి, తర్వాత వంద అణువులకు గీయండి” అని అడగండి. సుమారు 1.3 శాతమే అయనీకరణం కనుక, పదింటి బొమ్మలో బహుశా ఒక్క అయాన్ కూడా ఉండకూడదు, వందలో ఒకటి ఉండాలి. పదిలో మూడు నాలుగు అయాన్లు గీసిన పిల్లలకు ‘పాక్షికంగా’ అన్న మాట తెలుసు కాని దాని పరిమాణం తెలియదని మీకు వెంటనే తేలిపోతుంది. సమతాస్థితికి ‘ఎ’ 30, ‘బి’ 60 ఉన్న పెట్టెను ఇచ్చి, ఒక విడత తర్వాత అదే పెట్టెను మళ్లీ గీసి, మారిన అణువులకు చుట్టూ గుర్తు పెట్టమనండి. రెండో బొమ్మలో సంఖ్యలు మారకుండా ఉండి, ఇటు ఆరు, అటు ఆరు గుర్తులు ఉన్న కాగితాలను ఒక పక్కకు, గుర్తులే లేని కాగితాలను మరో పక్కకు పెట్టుకుంటే, మరుసటి రోజు ఎవరిని మళ్లీ షీటు దగ్గర కూర్చోబెట్టాలో తెలుస్తుంది.